నిద్ర లేవని కంప్యూటరు: దానిని తిరిగి లేపే విద్యకు గల చరిత్ర

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో దిగుడు బావుల మీద మోటార్లు బిగించుకొన్న రైతులకు ఒక సంగతి బాగా తెలుసు. బావి నిండా నీళ్ళున్నవి, కరెంటు ఉన్నది, మోటారు తిరుగుతున్నది. అయినా ఒక్కొక్కప్పుడు గొట్టములోనుంచి చుక్క నీరు రాదు. గొట్టము అడుగున ఉండే ఫుట్‌వాల్వు సరిగా మూసుకొనకపోవుటవలన పంపులోని నీరంతా బావిలోకి జారిపోయి ఉంటుంది. ఆ పంపు గాలిని లాగలేదు, నీటినే లాగగలదు. కనుక రైతు బిందెతో నీళ్ళు తెచ్చి పంపులో పోస్తాడు. నీళ్ళు తోడవలెనంటే ముందు నీళ్ళు పోయవలెను!

కంప్యూటరును మేల్కొలుపుటలోను సరిగా ఇట్టి చిక్కే ఉన్నది. కంప్యూటరు ఏ పని చేయవలెనన్నా అందుకు కావలసిన ఆదేశాలు దాని స్మృతిలో, అనగా మెమరీలో, ముందుగా చేరి ఉండవలెను. స్విచ్చి వేసిన క్షణములో ఆ స్మృతి ఖాళీగా ఉంటుంది. ఆదేశాలు డిస్కులో ఉన్నవి. వాటిని డిస్కునుంచి స్మృతిలోకి తెచ్చుట కూడా ఒక పనియే గదా! దానికీ ఆదేశాలు కావలెను. మరి ఆ మొదటి ఆదేశాలను తెచ్చేదెవరు?

ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానాల చరిత్ర డెబ్బది అయిదేండ్లకు పైబడినది. అది కేవలము గతించిన కథ కాదు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన మరునాడు బడిలోని కంప్యూటరు నల్లని తెర చూపి కదలక కూర్చున్నప్పుడు, అందులోని విద్యార్థుల వివరాలు, ప్రశ్నపత్రాలు దక్కుతవా దక్కవా అన్నది ఈ చరిత్రను తెలిసికొనుట మీద చాలవరకు ఆధారపడి ఉన్నది.

తొలి ఆదేశాలు

1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లోకానికి ప్రదర్శింపబడిన ఎనియాక్ యంత్రానికి ఈ చిక్కు లేదు. అందులో ఆదేశాలు స్మృతిలో ఉండేవి కావు. తీగలను ఒక చోటనుంచి తీసి మరియొక చోట గుచ్చుట ద్వారా, స్విచ్చులను త్రిప్పుట ద్వారా పని చెప్పేవారు. ఒక లెక్కనుంచి మరియొక లెక్కకు మారవలెనంటే రోజులు పట్టేది.

ఆదేశాలను కూడా అంకెలవలెనే స్మృతిలో దాచే యంత్రాలు వచ్చిన తరువాత చిక్కు మొదలైనది. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ నాయకత్వాన తయారైన ఎడ్శాక్ యంత్రము 1949 మే 6వ తేదీన తన మొదటి లెక్కను, వర్గ సంఖ్యల పట్టికను, చేసి చూపినది. ఆ యంత్రానికి పనిని కాగితపు టేపు మీద రంధ్రాలుగా పొడిచి ఇచ్చేవారు. అయితే టేపును చదువుటకు ఆదేశాలు ఎక్కడివి? డేవిడ్ వీలర్ అనే యువ పరిశోధకుడు అందుకోసము 31 ఆదేశాలు మాత్రమే గల చిన్న ప్రోగ్రామును వ్రాసినాడు. దానిని టెలిఫోను ఎక్స్ఛేంజీలలో వాడే మెట్ల స్విచ్చులలో తీగలతోనే శాశ్వతముగా అమర్చినారు. మీట నొక్కగానే ఆ 31 ఆదేశాలు స్మృతిలోకి దిగేవి. అవి టేపును చదివి మిగిలినదంతా తెచ్చేవి. వీటికి 'తొలి ఆదేశాలు' అని పేరు పెట్టినారు. రైతు పంపులో పోసే బిందెడు నీళ్ళు ఇవే.

1952లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన 701 యంత్రములో ఇందుకు 'లోడ్' అనే మీట ఉండేది. దానిని నొక్కితే యంత్రము కార్డు నుండి గాని, టేపు నుండి గాని, డ్రమ్ము నుండి గాని మొట్టమొదటి మాటను చదివి, దాని వెంట తక్కినదానిని లాగుకొనేది. తన బూటు పట్టీలను తానే పట్టుకొని పైకి లేచుట అసాధ్యమని చెప్పుటకు ఇంగ్లీషువారికి ఒక నుడికారము ఉన్నది. అసాధ్యమనుకొన్న ఆ పనిని యంత్రము చేసి చూపుతున్నది గనుక ఈ ప్రక్రియకు 'బూట్‌స్ట్రాప్' అని పేరు వచ్చినది. నేడు అందరూ 'బూట్' అనే మాట దాని పొట్టిరూపమే.

మీటలతో మేల్కొలుపు

1965లో వెలువడిన పి.డి.పి.-8 వంటి చిన్న కంప్యూటర్లలో ఈ పనిని మనిషి చేతులతో చేసేవాడు. యంత్రము ముందు భాగమున వరుసగా స్విచ్చులు ఉండేవి. పైకి వేస్తే ఒకటి, క్రిందికి వేస్తే సున్న. పండ్రెండు స్విచ్చులను అమర్చి ఒక ఆదేశాన్ని స్మృతిలో జమచేయుట, మళ్ళీ అమర్చి మరియొకటి జమచేయుట—ఈ విధముగా సుమారు పదహారు ఆదేశాలు ఎక్కిన తరువాత యంత్రము టేపును చదవగలిగేది. ఒక్క స్విచ్చి తప్పినా పని మొదలుకు రావలసినదే. అనుభవజ్ఞులైన ఆపరేటర్లకు ఆ వరుస నోటికి వచ్చి ఉండేది.

తెలుగు దేశానికి కంప్యూటరు నిర్మాణము వచ్చినది కూడా ఈ తరము యంత్రాలతోనే. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపింపబడినది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రములో రూపొందిన టి.డి.సి.-12 అనే కంప్యూటరు 1969లో ఈ సంస్థనుండి వెలువడినది. దాని పేరులోని 12 దాని మాట పొడవును, అనగా ఒక్కసారికి అది పట్టగల ద్విసంఖ్యా స్థానాలను, తెలుపుతుంది.

ఆనాటి స్మృతిలో ఒక సుగుణముండేది. చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలతో అల్లినది కావుటచేత కరెంటు పోయినా అందులోని విషయము చెరిగేది కాదు. అందువలన ఒకసారి ఎక్కించిన తొలి ఆదేశాలు మరునాటికి నిలిచి ఉండే అవకాశము ఉండేది. తరువాత వచ్చిన సిలికాన్ స్మృతి వేగముగలది, చవకైనది. కాని కరెంటు తీయగానే అంతా మరచిపోతుంది. కనుక తొలి ఆదేశాలకు శాశ్వతమైన ఇల్లు ఒకటి వెదుకవలసి వచ్చినది.

చెరగని స్మృతి

ఆ ఇల్లే 'రామ్' కాక 'రోమ్' అనబడే చదువుటకు మాత్రమే వీలైన స్మృతి. తయారీలోనే ఆదేశాలను చిప్పులో ముద్రిస్తారు. కరెంటు ఉన్నా పోయినా అవి చెరగవు.

భారతదేశపు పాఠశాలలకు కంప్యూటరు వచ్చినది ఈ దశలోనే. 1984లో కేంద్ర ప్రభుత్వము 'క్లాస్' అనే పథకాన్ని ప్రారంభించి కొన్ని ఎంపిక చేసిన పాఠశాలలకు బి.బి.సి. మైక్రో అనే బ్రిటిషు కంప్యూటర్లను ఇచ్చినది. ఆ యంత్రములో ఆపరేటింగ్ సిస్టమ్ అంతా రోమ్‌లోనే ఉండేది. బేసిక్ భాష కూడా మరియొక రోమ్‌లో ఉండేది. స్విచ్చి వేయగానే 'పీ' మని మ్రోగి, ఆ క్షణమే పనికి సిద్ధమయ్యేది. బోరుబావిలోని సబ్‌మెర్సిబుల్ మోటారు ఎప్పుడూ నీటిలోనే మునిగి ఉండుటచేత దానికి నీళ్ళు పోసే పని లేనట్లే, ఈ యంత్రానికి మేల్కొలుపు చిక్కు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ చెడిపోయి యంత్రము లేవకపోవుట అందులో దాదాపు అసంభవము. అయితే ఒక లోటున్నది: సిస్టమ్‌ను మార్చవలెనంటే చిప్పునే ఊడబెరికి వేరొకటి గుచ్చవలెను. చెడనిది సులభముగా మారదు కూడా.

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు మధ్యేమార్గాన్ని పట్టినది. రోమ్‌లో 'బయాస్' అనే చిన్న ప్రోగ్రామును ఉంచి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను డిస్కులో పెట్టినారు. స్విచ్చి వేయగానే బయాస్ మేల్కొని, స్మృతి, కీబోర్డు మొదలైనవి సరిగా ఉన్నవో లేవో పరీక్షించి, డిస్కులోని మొట్టమొదటి గదిని స్మృతిలోకి తెస్తుంది. ఆ గది పరిమాణము 512 బైట్లు మాత్రమే. 1983లో హార్డ్ డిస్కులు వచ్చినప్పుడు ఆ గదిలో 446 బైట్లు ఆదేశాలకు, 64 బైట్లు డిస్కు విభాగాల పట్టికకు, చివరి రెండు బైట్లు గుర్తుకు కేటాయించినారు. ఆ కొద్దిపాటి ఆదేశాలు తమకంటె పెద్దదైన ప్రోగ్రామును పిలుస్తవి. అది ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగాన్ని పిలుస్తుంది. అది ప్రింటరు, తెర, నెట్‌వర్కు మొదలైనవాటిని నడిపే డ్రైవర్లను పిలుస్తుంది.

ఇది గొలుసు వంటిది. ప్రతి కడియము తరువాతి కడియాన్ని మాత్రమే పట్టుకొని ఉంటుంది. నడుమ ఒక్కటి తెగినా యంత్రము లేవదు. కాని తెగిన కడియానికి అవతల ఉన్న పాఠాలు, ఫోటోలు, లెక్కలు డిస్కులో చెక్కుచెదరక ఉండవచ్చును. లేవని యంత్రములో సర్వమూ పోయినదని భావించుట పొరపాటు. తాళము పాడైనంత మాత్రాన ఇంటిలోని ధాన్యము పోదు.

మార్పులోని ముప్పు

ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తదానికి మార్చుట అనగా, ఈ గొలుసులోని కడియాలను ఒక్కొక్కటిగా తీసి కొత్తవి వేయుట. పని సగములో ఉండగా కరెంటు పోవచ్చును. డిస్కులో జాగా చాలకపోవచ్చును. పాత డ్రైవరుకు కొత్త కేంద్రభాగముతో పొసగకపోవచ్చును. ఇట్టి ముప్పు 1990 దశకములో బయాస్‌కు కూడా ప్రాకినది. చిప్పు మార్చకుండ బయాస్‌ను సవరించుటకు వీలుగా తిరిగి వ్రాయదగిన ఫ్లాష్ స్మృతి వాడుకలోకి వచ్చినది. వ్రాయదగినది కనుక చెరుపదగినది కూడా! 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. అనే వైరస్ పలు దేశాలలోని కంప్యూటర్లలో డిస్కు మొదటి భాగాన్ని చెరుపుటయే గాక, వీలైన చోట్ల బయాస్‌ను కూడా చెరిపివేసినది. అట్టి యంత్రాలకు బిందెడు నీళ్ళు పోసే దిక్కు కూడా లేకపోయినది. చిప్పునే మార్చవలసి వచ్చినది.

ఈ ముప్పుకు విరుగుడేమో గద్వాల నేతపనివారి మగ్గాన్ని చూచిన చక్కగా అర్థమవుతుంది. ఒక పడుగు మీద నేయవలసిన చీరెలు పూర్తి అయినప్పుడు, నేతగాడు పాత పడుగు పోగులను మగ్గమునుంచి పూర్తిగా లాగివేయడు. వాటి కొసలను పన్నె పండ్ల సందులలోనే నిలిపి, కొత్త పడుగు పోగులను ఆ కొసలకు ఒక్కొక్కటిగా అతుకుతాడు. తరువాత పాత కొసలు కొత్త పోగులను తమ వెంట లాగుకొనిపోతవి. పాత కొసలను తొందరపడి లాగివేస్తే, వేలకొలది పోగులను మళ్ళీ ఒక్కొక్క సందులోనుంచి దూర్చవలెను. కొత్తదానికి దారి చూపేది పాతదాని కొసయే.

కంప్యూటరు నిర్మాతలు క్రమముగా ఈ సూత్రానికే వచ్చినారు. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. కిందటిసారి సరిగా లేచినప్పటి అమరికను విడిగా భద్రపరచేది. కొత్త అమరికతో లేవకపోతే పాతదానితో లేపవచ్చును. లినక్స్ పంపిణీలలో సాధారణముగా కొత్త కేంద్రభాగము వచ్చినా పాతది తొలగిపోదు. లేచునప్పటి పట్టికలోనుంచి దానిని ఎంచుకొనవచ్చును. 2005లో ఏర్పడిన యు.ఇ.ఎఫ్.ఐ. సంఘము బయాస్ స్థానములో కొత్త పద్ధతిని ప్రమాణీకరించినది. దానితోపాటు వచ్చిన డిస్కు పట్టిక రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి డిస్కు మొదట, రెండవది చివర. 2016లో ఆండ్రాయిడ్ 7 ఫోన్లలో సిస్టమ్‌కు రెండు అరలు ఏర్పరచే పద్ధతి వచ్చినది. ఒక అరలోని సిస్టమ్ పనిచేస్తుండగా కొత్తది రెండవ అరలో ఎక్కుతుంది. అది లేవకపోతే ఫోను మొదటి అరకు మళ్ళుతుంది.

అంగారకునిపై ఒక రక్షణ

తిరిగి లేపుటలో మరియొక సూత్రము, వీలైనంత తక్కువ సామగ్రితో లేచుట. 1995లో వచ్చిన విండోస్ 95లోని 'సేఫ్ మోడ్' ఇట్టిదే. జబ్బుచేసిన మనిషికి విందుభోజనము మాని గంజి ఇచ్చినట్లు, ఆ పద్ధతిలో యంత్రము అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే లేస్తుంది.

దీని విలువ 2004లో లోకానికి తెలిసినది. ఆ జనవరిలో అంగారక గ్రహముపై దిగిన స్పిరిట్ అనే అమెరికా వాహనము జనవరి 21న సరిగా మాట్లాడుట మానినది. దాని కంప్యూటరు లేచుట, పడుట, మళ్ళీ లేచుట—ఈ విధముగా అరువదికి పైగా సార్లు జరిగినది. దాని ఫ్లాష్ స్మృతిలో ఫైళ్ళు మితిమీరి పేరుకొనిపోయినవి. లేచునప్పుడు వాటి జాబితాకే స్మృతి చాలక కంప్యూటరు కుప్పకూలుతున్నది. రాత్రివేళ నిద్రపోవలసిన వాహనము మెలకువగానే ఉండి బ్యాటరీలను ఖర్చుచేస్తున్నది. ఇంజనీర్లు భూమినుండి ఒక ఆజ్ఞ పంపినారు: ఫ్లాష్ స్మృతి జోలికి పోక లేవవలెనని. వాహనము లేచినది. తరువాత అనవసరమైన ఫైళ్ళను తొలగించినారు. తొంబది రోజుల పనికి పంపిన ఆ వాహనము 2010 వరకు పనిచేసినది. విరోధము తెచ్చిన భాగాన్ని తప్పించి లేచే దారిని దాని నిర్మాతలు ముందుగానే ఉంచుటవలననే ఇది సాధ్యమైనది.

2024 జులై 19

ఇరువది యేండ్ల తరువాత ఇట్టి చిక్కే ఒక్కసారిగా లోకమంతటా ఏర్పడినది. 2024 జులై 19 ఉదయము, భారత కాలమానము ప్రకారము 9 గంటల 39 నిమిషాలకు, క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ తన రక్షణ ప్రోగ్రాముకు చిన్న సవరణ ఫైలును పంపినది. ఇది ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు కాదు. కాని ఆ ప్రోగ్రాము విండోస్ కేంద్రభాగములోనే, యంత్రము లేచు సమయముననే, పనిచేసేది. కొత్త ఫైలు 21 అంశాలను ఆశించినది; అందినవి 20. లేని ఇరువదియొకటవ అంశము కోసము స్మృతిలో అవతలికి చేయి చాచుటచేత యంత్రము కూలిపోయినది. తిరిగి లేవబోతే అదే ఫైలు, అదే పాటు.

సంస్థ 78 నిమిషాలలోనే ఆ సవరణను ఉపసంహరించినది. కాని అప్పటికే కూలిన యంత్రాలకు ఆ వార్త అందేదెట్లు? నెట్‌వర్కు దాకా లేస్తేగదా! మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నవి. అవి మొత్తము విండోస్ యంత్రాలలో నూటికి ఒకటి కూడా కావు. అయినా విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు స్తంభించినవి. హైదరాబాదు వద్ద శంషాబాదు విమానాశ్రయములో ఆ రోజున ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి ఇచ్చినారు.

చికిత్స మాత్రము చిన్నదే. యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో లేపి, 291 సంఖ్యగల ఆ ఫైలును తొలగించి, మామూలుగా తిరిగి లేపుట. కాని చాలవరకు ఒక్కొక్క యంత్రము దగ్గరకు మనిషి పోవలసి వచ్చినది. డిస్కులకు బిట్‌లాకర్ అనే రహస్య తాళము వేసి ఉన్న చోట 48 అంకెల తాళపు సంఖ్య కావలసి వచ్చినది. ఆ సంఖ్యలను ముందుగా వేరుచోట భద్రపరచినవారు త్వరగా బయటపడినారు, లేనివారు అవస్థపడినారు. ఆ రక్షణ ప్రోగ్రాము గల విండోస్ యంత్రాలలో సుమారు 97 శాతము తిరిగి నెట్‌వర్కులోకి వచ్చుటకు జులై 25 దాకా పట్టినది.

బడిలో పాటింపదగిన వరుస

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11కు మారుటకు యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతి, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగము, కనీసము 4 గిగాబైట్ల స్మృతి కావలెను. పాత యంత్రాలను ఈ మార్పుకు పూనుకొన్న పాఠశాలలలో పై చరిత్ర వెంటనే ఉపయోగపడుతుంది.

మార్పుకు ముందు చేయవలసినవి మూడు: ముఖ్యమైన ఫైళ్ళ ప్రతిని వేరొక డిస్కులో ఉంచుట, బిట్‌లాకర్ సంఖ్యను కాగితము మీద వ్రాసి దాచుట, మరొక యంత్రము సాయముతో లేచుటకు వీలైన యు.ఎస్.బి. పుల్లను సిద్ధపరచుట. కరెంటు పోయే సమయములో ఈ పని తలపెట్టరాదు.

యంత్రము లేవకపోతే, గొలుసు ఎక్కడ తెగినదో మొదట చూడవలెను. తయారీదారు గుర్తు కూడా తెరపై రాకపోతే లోపము కరెంటులోనో, స్మృతిలోనో, తెరలోనో, బయాస్‌లోనో ఉండవచ్చును. గుర్తు వచ్చి, లేపదగిన డిస్కు లేదని చెబితే బయాస్ అమరికలో డిస్కు కనబడుతున్నదో లేదో చూడవలెను. గుర్తు దాటి, విండోస్ మొదలై కూలుతుంటే లోపము సిస్టమ్‌లోనో, డ్రైవరులోనో ఉన్నది. అప్పుడు బయట తగిలించిన ప్రింటరు, పెన్‌డ్రైవు మొదలైనవాటిని తీసి మళ్ళీ ప్రయత్నించవలెను. వరుసగా కొన్నిసార్లు లేవలేకపోతే విండోస్ తనంత తానే మరమ్మతు తెరను చూపుతుంది. అందులో ప్రారంభ మరమ్మతు, చివరి సవరణను తొలగించుట, సేఫ్ మోడ్, పాత సిస్టమ్‌కు మళ్ళుట అనే దారులున్నవి. సిస్టమ్‌ను మార్చిన తరువాత సాధారణముగా 10 రోజుల వరకు మాత్రమే పాతది నిలువ ఉంటుంది. ఆ పాత ఫోల్డరును జాగా కోసమని తొందరపడి తుడిచివేయరాదు.

ఇవేవీ ఫలించకపోతే యు.ఎస్.బి. పుల్లతో యంత్రాన్ని లేపి, ఫైళ్ళను ముందు బయటికి తీసుకొనవలెను. ఆ తరువాతనే డిస్కును తుడిచి సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించవలెను. అన్నిటికంటె చివర చేయవలసిన ఈ పనిని మొదటనే చేయుటవలన, దక్కదగిన సమాచారము పోతుంది.

వీలర్ వ్రాసిన 31 ఆదేశాలు మొదలు నేటి యు.ఎస్.బి. పుల్ల దాకా ఈ విద్య సారము ఒక్కటే. మార్పు ఎంత పెద్దదైనా, దాని స్పర్శ తగలని చిన్న భాగము ఒకటి ఎక్కడో నిలిచి ఉండవలెను. యంత్రము తిరిగి లేచేది దాని ఆసరాతోనే. ఆ భాగమేదో ముందుగా తెలిసికొని, దానిని కాపాడిన తరువాతనే ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని కొత్త సిస్టమ్‌ను ఎక్కించుటకు పూనుకొనవలెను.